గంటకు నాలుగు లీటర్లు

పదిహేను వేలు చెప్పిన డీజిల్ ఇంజన్‌ను తొమ్మిది వేలకు దింపిన మొనగాడిని నేను. షాద్‌నగర్ పాత ఇనుప దుకాణాల్లో అంతటి బేరం ఇంకెవరూ చేయలేదని ఆ దుకాణందారే ఒప్పుకున్నాడు. పోయేముందు చాయ్ కూడా తాగించాడు. సరుకు అమ్మినవాడు చాయ్ తాగిస్తుంటే కొన్నవాడు ఒకసారి ఆగి ఆలోచించుకోవాలని మా నాయిన నాకు చిన్నప్పుడే చెప్పాడు. నేను ఆలోచించలేదు. చాయ్ బాగుందని ఇంకోటి అడిగాను.

ఉద్యోగాల్లో కొత్తగా చేరి, 'ఖర్చు తగ్గించు' అనే మాట వినగానే ఉత్సాహం పుట్టే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకూ అలాగే పుట్టేది.

మాది కిరాణా కుటుంబం. తాత ఉప్పు అమ్మాడు, నాయిన నూనెలు అమ్మాడు, మేనమామ ఎవరికి ఏది కావాలంటే అది అమ్మేవాడు. నేను మాత్రం చదువుకుని చెడి, మహబూబ్‌నగర్‌లో కంటి ఆసుపత్రి నడిపే ఒక చిన్న ధర్మసంస్థలో కొనుగోళ్ళు, లెక్కలు చూసే పనిలో చేరాను. దూది దగ్గర నుంచి ఫినాయిల్ దాకా నా చేతుల మీదుగా రావలసిందే. ధర చెప్పగానే సరే అన్న రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఆ సంస్థకు ఒక బండి ఉండేది. దేశాలు తిరుగుతూ వచ్చిన విదేశీ దంపతులెవరో, ఇక తిరిగింది చాలనుకుని, దాన్ని మా సంస్థకు ఇచ్చేసి విమానమెక్కి వెళ్ళిపోయారట. స్టీరింగు ఎడమ పక్క. లోపల ఒకదాని మీద ఒకటి రెండు పడకలు, గోడకు మడిచిపెట్టే బల్ల, చిన్న పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, నీళ్ళ ట్యాంకు. ఇల్లు కట్టి చక్రాలు పెట్టినట్టుండేది. మావాళ్ళు దాంట్లో అక్షరాల అట్ట వేలాడదీసి, కోస్గి వైపు ఊళ్ళకు కంటి శిబిరాలకు పంపేవారు. ముసలివాళ్ళ కళ్ళు చూసి, పొర ముదిరినవాళ్ళను అదే బండిలో ఆపరేషన్‌కు తీసుకొచ్చేవారు.

బండి నడిపేది ఒక ముసలాయన. ఆయన్ని అందరం చాచా అనేవాళ్ళం. కళ్ళు పరీక్షించేది మోత్కూరు వైపు నుంచి వచ్చిన నర్సు, అందరికీ సిస్టరమ్మ. ఇద్దరూ నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు. సావుకారి అనేవారు. గౌరవం అనుకుని చాలాకాలం సంతోషించాను.

బండితో చిక్కల్లా దాని దాహం. లీటరు పెట్రోలుకు ఆరు కిలోమీటర్లు. తొంభైలు మొదలైన కొత్తలో పెట్రోలు లీటరు పద్నాలుగు రూపాయలైంది. సంస్థ అధ్యక్షుడు ఒక రైస్ మిల్లు యజమాని. నెలాఖరు బిల్లులు చూసి నన్ను పిలిపించాడు.

"ఏమయ్యా, గీ బండి పెట్రోలు తాగుతాందా, పెట్రోల్ల తానం చేస్తాందా?"

"పాత బండి సేట్ సాబ్."

"నేను గూడ పాతోన్నే. గింత తాగుతలేను గద. ఇగ జూడు, వానలు పడేలోపు ఖర్చు సగం చెయ్యి. లేకుంటే అమ్మేద్దాం. కండ్లు కావాల్నంటే ఆళ్ళే బస్సెక్కి వస్తరు."

ఆ మాట సిస్టరమ్మకు చెప్పగానే ఆమె చేతిలో పని ఆపేసింది.

"ఎవరొస్తరు బస్సెక్కి? గా పోయినూర్ల అవ్వ ఏమన్నది యాదికున్నదా? 'బస్సెక్కితె కక్కొస్తది బిడ్డా, గుడ్డిగనన్న ఉంట గని ఎక్క. మీ బండైతె పండుకొని వస్త' అన్నది. గసొంటోళ్ళు ఎంతమందో ఉన్నరు. బండి పోతె ఆళ్ళు ఇంట్లనే గోడలు తడుముకుంట కూసుంటరు."

"నేనున్న కదమ్మా" అన్నాను.

"అదే మా ఫికర్" అన్నాడు చాచా.

వాళ్ళిద్దరికీ నా మీద పాత కోపం ఒకటుంది. శిబిరం అంటే ఒక్కో ఊరి చుట్టుపక్కల నాలుగు రోజుల పని. నాకు ముందున్నాయన కాలంలో వాళ్ళు అక్కడే ఉండి పని ముగించుకుని వచ్చేవారు. సిస్టరమ్మ బండిలో పడుకునేది, చాచా, మందులిచ్చే కాంపౌండరు బడి వరండాలో పడుకునేవారు. రాత్రి ఉన్నందుకు మనిషికి పదిహేను రూపాయల బత్తా. నేను చేరిన నెలలోనే ఆ బత్తా తీసేశాను. ఇంట్లో పడుకోవడానికి లేని జీతం ఊళ్ళో పడుకుంటే ఎందుకన్నాను. దాంతో వాళ్ళు పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడం మొదలుపెట్టారు. ఆ మాట వచ్చినప్పుడల్లా సిస్టరమ్మ, "పడకలున్న బండిని పట్టుకొని పడుకోనీకి ఇంటికి ఉరుకుతున్నం" అని సణిగేది. ఆడవాళ్ళ సణుగుడు అనుకుని వదిలేసేవాణ్ణి.

ఇక పెట్రోలు సంగతి. ముందు చాచాను అడిగాను. ఆయన బండి చుట్టూ ఒకసారి నడిచి చెప్పాడు.

"టైర్లు అరిగినయ్. కార్బొరేటర్ సాఫ్ చెయ్యాలె. లోపల అక్కెరకు రాని సామాన్ శానా ఉన్నది, దించాలె. లీటర్‌కు ఒక కిలోమీటర్ పెరుగుతది. జర ఓపిక ఉంటె ఇంకింత."

ఆ సలహాలో నాకు నచ్చని విషయం ఒక్కటే. దాంట్లో బేరమాడడానికి ఏమీ లేదు.

వంటగ్యాసు సిలిండరు పెట్టి బండ్లు నడుపుతున్నారని పట్నంలో విన్నాను. సిస్టరమ్మకు చెప్పాను. "ముసలోళ్ళను సిలిండర్ మీద కూసోబెట్టుకొని తీస్కపోతవా? కండ్లకు తీస్కపోతున్నమా, కాటికా?" అంది. పెట్రోల్లో కిరోసిన్ కలుపుదామన్నాను. రేషన్ కిరోసిన్ నీలం రంగులో ఉండేది. దాన్ని చూసి చాచా డబ్బా మూత పెట్టేశాడు. "పేదోళ్ళ దీపాలల్ల పోసేది. నా చేతితోని పొయ్య సావుకారి. పోసినా ఇంజన్ దగ్గుతది."

మిగిలింది డీజిల్. లీటరు అయిదున్నర. పద్నాలుగు ఎక్కడ, అయిదున్నర ఎక్కడ! పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ వేస్తే అధ్యక్షుడు నన్ను భుజాల మీద ఊరేగిస్తాడనుకున్నాను. చాచాను వెంటబెట్టుకుని షాద్‌నగర్ వెళ్ళాను.

దుకాణంలో ఒక ఇంజన్ చూపించారు. బోర్లు వేసే బండి మీద కంప్రెసర్ తిప్పిన ఇంజన్ అది. మా దిక్కున ఆ రోజుల్లో నీళ్ళు అడుగంటి, ప్రతి ఊళ్ళో బోర్ల బండ్లు దడదడలాడుతుండేవి. వాటి పని ఆగిన ఇంజన్లు ఇలా దుకాణాలకు వచ్చేవి.

"ఎంత తాగుతది?" అని అడిగాను.

"గంటకు నాలుగు లీటర్లు సాబ్. ఎక్కువ చెప్తె నా నాలిక కోయ్" అన్నాడు దుకాణందారు.

నా బుర్రలో అప్పుడే లెక్క పడిపోయింది. మా బండి గంటకు నలభై కిలోమీటర్లు పోతుంది. నాలుగు లీటర్లకు నలభై అంటే లీటరుకు పది. పైగా అయిదున్నర రూపాయల నూనె. ఖర్చు సగం కాదు, నాలుగో వంతు కూడా కాదు! ఆ సంతోషం ముఖంలో కనబడకుండా ఉండడానికి నేను కష్టపడి దగ్గాను.

పక్కనే ఉన్న చాచా, "గీ ఇంజన్ బండికి పెడితె గంటకు ఎన్ని మైళ్ళు..." అని మొదలుపెట్టాడు. నేను ఆయన కాలు తొక్కాను. బేరం మధ్యలో ప్రశ్నలు వేస్తే మనకు సరుకు మీద ఆశ ఉందని అమ్మేవాడికి తెలిసిపోతుంది. ధర దిగదు. ఇది నేను దుకాణం గల్లా పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు.

పదిహేను అన్నాడు. ఆరు అన్నాను. రెండుసార్లు లేచి వెళ్ళిపోయాను, రెండుసార్లు పిలిచాడు. చివరకు తొమ్మిది వేలు, పైన మా పాత పెట్రోలు ఇంజన్ ఇచ్చేటట్టు తెగింది. ఇంజన్ మార్చే మిస్త్రీకి వేరే. చాయ్ సంగతి మొదట్లోనే చెప్పాను.

మొదటి రోజు బండి షాద్‌నగర్ నుంచి బయలుదేరింది. శబ్దం ఎలా ఉందంటే, రోడ్డు పక్క రైతు ఒకాయన చేతులడ్డం పెట్టి, "మా చెల్కల గూడ ఒక బోరు ఎయ్యుండ్రి" అన్నాడు. చాచా గేర్లన్నీ మార్చాడు, యాక్సిలరేటర్ నేలకు ఆనించాడు. ఒక సైకిల్ మమ్మల్ని దాటిపోయింది. సైకిల్ మీద వెనక కూర్చున్న ఆమె మమ్మల్ని చాలాసేపు చూసింది.

"చాచా, తొక్కు."

"తొక్కుతనే ఉన్న. గిది కంప్రెసర్ ఇంజన్ సావుకారి. ఒక్క జాగల నిలవడి ఒక్క తీరుగ తిరుగనీకి చేసిన్రు. అంతకంటె జోరుగ తిరుగది. గంటకు ఇరవై కూడ పోదు. గా మాటనే అడుగుదమనుకున్న. నువ్వు నా కాలు తొక్కితివి."

దుకాణందారు ఒక్క అబద్ధం చెప్పలేదు. గంటకు నాలుగు లీటర్లే తాగింది. నేను నలభై కిలోమీటర్లు కలిపి కొన్నాను, అంతే. అయినా డీజిల్ చవక కాబట్టి ట్రిప్పుకు కొంత మిగిలేది. ఆ మిగులును అందరికీ చూపించేవాణ్ణి. చాచా చీకటితోనే బయలుదేరి, పొద్దెక్కాక ఊరు చేరి, ఏ కాస్తమందినో చూసి, మళ్ళీ తిరుగుముఖం పట్టేవాడన్న సంగతి మాత్రం చూపించేవాణ్ణి కాదు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మిగులు ఇంకా పెంచుదామనిపించింది. మా మేనమామ గోదాములో కానుగ నూనె డ్రమ్ములు ఎన్నాళ్ళ నుంచో పడి ఉన్నాయి. డీజిల్ ఇంజన్ ఏ నూనైనా తాగుతుందని ఎవరో అనగా విన్నాను. సగం డీజిల్, సగం కానుగ అనుకున్నాను. మేనమామతో బేరమాడి ఆరు వందలకు తెచ్చాను. సొంత మేనల్లుడినని ఆయన అడుగున ఉన్న మడ్డి కూడా వదలకుండా పోశాడు. డ్రమ్ము బండిలో కింది పడక కిందనే పెట్టించాను. అది కొంచెం కారేది.

"సావుకారి, గిది పశువుల గజ్జికి రాస్తరు" అన్నాడు చాచా.

"ఇంజన్‌కు గజ్జి రాదులే" అన్నాను. ఆ రోజుల్లో అంత హుషారుగా ఉండేవాణ్ణి.

శిబిరం చివరి రోజున అధ్యక్షుడు తానే వచ్చి చూస్తానన్నాడు. మర్నాడు ఆపరేషన్లు, హైదరాబాద్ నుంచి సర్జన్ వస్తున్నాడు. శిబిరం ముగించుకుని, పొర ముదిరిన పదిమందిని ఎక్కించుకుని సాయంత్రానికి మహబూబ్‌నగర్ చేరాలి. ఆయన బండి ఎలా నడుస్తుందో చూసి, ఉంచాలో అమ్మాలో అక్కడే చెప్పేస్తానన్నాడు. నేను, చాచా, సిస్టరమ్మ, కాంపౌండరు, మధ్యలో ధోవతి మడత నలగకుండా అధ్యక్షుడు. తెల్లవారుజామున బయలుదేరాం. ఎండ ముదిరాక కూడా ఇంకా దారిలోనే ఉన్నాం.

"గిదేం వాసనయ్యా?" అన్నాడు ఆయన ముక్కుకు ఉత్తరీయం పెట్టుకుని.

"పొదుపు సేట్ సాబ్" అన్నాను.

కోస్గి దాటి ఊళ్ళోకి చేరేసరికి గాలి మాకు ముందే పోయి కబురు చెప్పినట్టుంది. బడి ముందు జనం నిలబడి ఉన్నారు. నేను గర్వంగా అధ్యక్షుడి వైపు చూశాను. దగ్గరకు వచ్చాక తెలిసింది, ప్రతి మనిషి చేతిలో ఒక పలుపు ఉంది. పలుపు చివర ఎద్దో, బర్రెనో ఉంది.

"మందు దెచ్చిన్రా సారూ? మా బర్రెకు గజ్జి పట్టింది, ఒళ్ళంత గోక్కుంటాంది."

"ఇది పశువుల దవాఖాన కాదు, కండ్ల దవాఖాన!" అని సిస్టరమ్మ అరిచింది.

"మరి గీ వాసనేంది?"

చివరకు చాచా డ్రమ్ము తీసి, అడిగినవాళ్ళకు చిప్పల్లో పోసి పంపాడు. ఆ పూట మేము వైద్యం చేసిన వాటిలో కళ్ళకంటే తోకలే ఎక్కువ. బస్సుకు భయపడిన అవ్వ మాత్రం మూటతో సహా అప్పటికే వచ్చి కింది పడక మీద పడుకుంది. మిగతా తొమ్మిదిమంది కూడా ఎక్కారు. చాచా తాళం తిప్పాడు.

ఇంజన్ ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. కానుగ మడ్డి ఫిల్టరులో గడ్డకట్టింది. చాచా ఊదాడు, కడిగాడు, నా వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు. తిట్టు ఉంటే బాగుండేది.

"కొత్త ఫిల్టర్, సాఫ్ డీజిల్ కావాలె. పట్నం పోయి రేపు మొదటి బస్సుకు దెస్త" అని ఆఖరి బస్సు పట్టుకున్నాడు.

పొద్దు గూకుతోంది. ఫుట్‌బోర్డు మీద వేలాడే చోటు తప్ప లేని ఆ బస్సు అధ్యక్షుడి ధోవతికి కుదరలేదు; ఇక ఆయనకు వేరే దారి లేదు. సర్పంచ్ ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పచ్చి పులుసు వచ్చాయి. తిన్నాక ఆయన్ను మర్యాదగా బండిలో పై పడక ఎక్కించాం. కింద అవ్వకు కళ్ళు ఆనవు.

"ఎవరు బిడ్డా పైన? నీకు గూడ పొర వచ్చిందా?"

"నేను సేటును. గీ సంస్థకు పెద్దను."

"పెద్దవైతె ఏమాయె. కాళ్ళు గటు పెట్టుకో, ధూళి రాలుతాంది."

మర్నాడు ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే బండి తలుపు కొట్టారు. నేను బడి వరండా మీద నుంచి లేచి చూసేసరికి వరుస కట్టి జనం. ఈసారి పలుపులు లేవు. కొంగులు, కొడవళ్ళు, సద్దిమూటలు ఉన్నాయి. కూలికి పోతూ దారిలో ఆగినవాళ్ళు, పక్క ఊళ్ళ నుంచి ముసలివాళ్ళను చేయి పట్టుకుని నడిపించుకొచ్చినవాళ్ళు. సిస్టరమ్మ దీపం ముట్టించి, అక్షరాల అట్ట తగిలించి, ముఖం కూడా కడుక్కోకుండా కూర్చుంది. అధ్యక్షుడు పై పడక మీద నుంచే తల బయటకు పెట్టి ఒకాయన్ని అడిగాడు.

"గింతమంది ఉన్నరు గద, దినాము ఎందుకు రారు?"

"మేమెట్ల వస్తం సేటూ? మీ బండి మేం పనికి పోయినంక వస్తది. మేం పని నుంచి రాకముందే పోతది. మాతోని ఏమో పగవట్టినట్టే. నిన్న రాత్రి ఉన్నరని తెలిసి ఇయ్యాల దొరకవట్టినం."

సిస్టరమ్మ టార్చి ఒకరి కంట్లోకి వేస్తూనే అంది, "సావుకారి, ఇంటివా?"

విన్నాను. అధ్యక్షుడూ విన్నాడు. ఆయన మిల్లు మనిషి. లెక్కకు కాగితం అవసరం లేదు.

"రాత్రి ఉంటె బత్తా ఎంత?"

"ముగ్గురికి నలభై అయిదు."

"పోయి రానీకి ఎన్ని కిలోమీటర్లు?"

"నూట ఇరవై."

"పెట్రోలు బండైతె ఇరవై లీటర్లు. రెండు వందల ఎనభై." ఆయన పడక మీద నుంచి మెల్లగా దిగాడు. "నలభై అయిదు మిగిలియ్యనీకి రెండు వందల ఎనభై కాలవెడ్తివా? మీ నాయిన దుకాణం ఇంకా నడుస్తాందా, లేకుంటె నువ్వే మూయించినవా?"

అంతమంది ముందు అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళకు లెక్క అర్థం కాలేదు కానీ నా ముఖం అర్థమైంది. నవ్వారు.

మొదటి బస్సుకు చాచా ఫిల్టరు, డీజిల్ డబ్బాలతో దిగాడు. ట్యాంకు కడిగి బండి లేపాడు. పదిమందితో కదిలాం, మా వేగంతోనే. మహబూబ్‌నగర్ చేరేసరికి పొద్దు వాలడానికి వచ్చింది. సర్జన్ తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుని మెట్ల మీదే ఉన్నాడు. సిస్టరమ్మ ఆయనకు అడ్డం నిలబడి, "సార్, గీ అవ్వ బస్సెక్కది. గీ బండి మల్ల వస్తదో రాదో తెల్వదు. మీరు గిట్ల పోతె ఆమెకు ఇగ కండ్లు లేవు" అంది. ఆయన అవ్వను చూశాడు, బండిని చూశాడు, బండి వాసన చూశాడు. చేతి గడియారం తీసి జేబులో వేసుకుని లోపలికి నడిచాడు. పదిమందికీ చేశాడు.

కట్టు విప్పిన రోజు నేను కూడా వార్డులో ఉన్నాను. అవ్వ చుట్టూ చూసి, నా దగ్గర ఆగింది. "నువ్వేనా బిడ్డా, ఇంజన్ల బర్రెల మందు పోసింది? మొకం జూస్తె తెలివిగల్లోని లెక్కనే ఉన్నవు!"

అధ్యక్షుడు తీర్పు చెప్పాడు. బండి అమ్మేది లేదు. శిబిరమైతే నాలుగు రోజులూ అక్కడే ఉండాలి, బత్తా ఇవ్వాలి. పాత పెట్రోలు ఇంజన్ తిరిగి వేయాలి. నష్టంలో సగం సంస్థది, సగం నాది.

మళ్ళీ షాద్‌నగర్ వెళ్ళాను. ఈసారి చాయ్ ముందే వచ్చింది.

"నా పాత ఇంజన్ కావాలె."

"నాలుగు వేలు."

"అరే, గా రోజు ఉత్తగ ఇచ్చిన గద!"

"వేరేటోళ్ళు అడిగితె తూకం మీద ఇస్త సావుకారి. గీ ఇంజన్ నీకు తప్ప దునియాల ఎవ్వనికి అక్కెర లేదు. గందుకే నీకు నాలుగు వేలు."

లేచి వెళ్ళిపోయాను. సందు చివరి దాకా నడిచాను. ఎవరూ పిలవలేదు. నేనే తిరిగొచ్చాను. నేను తెచ్చిన డీజిల్ ఇంజన్ మాత్రం అయిదు వేలకు తీసుకున్నాడు, మొహమాటపడుతూ. ఆ తరువాత చాచా తనే కూర్చుని కార్బొరేటర్ విప్పి కడిగాడు, అక్కరకు రాని సామాను దింపాడు. లీటరుకు ఏడు వచ్చింది. దానికి ఎవరూ బిల్లు వేయలేదు.

మిగతావాటికి వేస్తాను. డీజిల్ ఇంజన్ తొమ్మిది వేలు. బిగించినందుకు రెండు వేల అయిదు వందలు. మేనమామకు ఆరు వందలు. ఫిల్టర్లు, కడుగుళ్ళు నాలుగు వందల యాభై. పాత ఇంజన్ తిరిగి కొన్నది నాలుగు వేలు. మళ్ళీ బిగించింది రెండు వేలు. వెరసి పద్దెనిమిది వేల అయిదు వందల యాభై. అందులో డీజిల్ ఇంజన్ అమ్మగా వచ్చిన అయిదు వేలు, ఆ రెండు నెలల్లో నూనె మీద మిగిలిన రెండు వేల నూరు తీసేస్తే, పదకొండు వేల నాలుగు వందల యాభై. నా సగం అయిదు వేల ఏడు వందల ఇరవై అయిదు. నెలకు నూటయాభై చొప్పున మూడేళ్ళు దాటి కట్టాను.

ఇది అధ్యక్షుడికి చూపించిన బిల్లు. చూపించనిది ఇంకోటి ఉంది. బత్తా ఆపాక ఊరికే తిరిగిన రానుపోను ట్రిప్పులు నెలకు ఆరు, ఒక్కోదానికి బత్తా పోగా దండగ రెండు వందల ముప్పై అయిదు. ఏడాదికి శిబిరాలు నడిచేది ఎనిమిది నెలలు, అలా రెండేళ్ళు. ఇరవై రెండు వేల అయిదు వందల అరవై. దాంట్లో సగం నన్నెవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

రెండూ కలిపి, ముప్పై నాలుగు వేల పది రూపాయలు. పైన పది కూడా వదలలేదు.